మౌస్‌తో అయిపోయేదానికి నల్లతెర ఎందుకు?

ప్రశ్న: నంద్యాలలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మహానందిలో పెళ్లిళ్లున్న రోజుల్లో రెండు కెమెరాల ఫొటోలన్నీ రాత్రికి రాత్రే కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంకో హార్డ్‌డిస్కులోకీ కాపీ చేసుకోవాలి. ఇంజినీరింగ్ చదివే మా తమ్ముడు "ఇంకా మౌస్ పట్టుకునేనా అన్నా, కమాండ్లు నేర్చుకో" అంటాడు. నాకు నిజంగా అవసరమా?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ తమ్ముడి మాట సగం నిజం. ఆ సగం మీ పనిలో ఎక్కడుందో చూద్దాం. పెళ్లికూతురు కళ్లు మూసుకున్న ఫొటో తీసేయడం, తాళి కట్టేటప్పుడు ఎవరి చెయ్యో అడ్డొస్తే కత్తిరించడం, ఆల్బమ్ పేజీలు కూర్చడం - ఇవన్నీ చూస్తేగాని తేలని పనులు. ఏ ఫొటో ఉంచాలో ముందే మాటల్లో చెప్పలేనప్పుడు కమాండు ఏమని కొడతారు? 1984లో మాకింటోష్, 1995లో విండోస్ 95 కంప్యూటర్ని మామూలు జనం దగ్గరికి తెచ్చింది ఇందుకే: ఏదీ బట్టీ పట్టనక్కర్లేదు, తెరమీద చూసి గుర్తుపడితే చాలు. మౌస్ వాడేవాళ్లని తక్కువ చేసి మాట్లాడే కుర్రాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

కాపీ సంగతి వేరు. "కెమెరా కార్డులో ఉన్నవన్నీ ఈ ఫోల్డర్లోకి, ఇదివరకే వెళ్లినవి వదిలెయ్" అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. అలా చెప్పగలిగిన పనిని, అదీ ప్రతి పెళ్లికీ చేసే పనిని, చేత్తో చేయడం దండగ. లాగి వదిలిన కాపీ మధ్యలో కరెంటు పోతే ఏవి వెళ్లాయో ఏవి ఆగాయో మీరే వెతుక్కోవాలి. విండోస్ విస్టా నుంచీ విండోస్‌తోనే వస్తున్న రోబోకాపీ అనే కమాండును మళ్లీ అలాగే నడిపితే, చేరిన ఫొటోల జోలికి పోకుండా మిగిలినవి పూర్తిచేస్తుంది. విండోస్ అమ్ముకునే మైక్రోసాఫ్టే 2006లో పవర్‌షెల్ అనే కొత్త కమాండ్ల పనిముట్టు తెచ్చిందంటే, ఇలాంటి పనులకు బొమ్మలూ బటన్లూ చాలవని ఒప్పుకున్నట్టే.

అంత పొడుగు కమాండు ఎవరికి గుర్తుంటుంది అంటారా? ఉండనక్కర్లేదు. తమ్ముడి చేత నోట్‌ప్యాడ్‌లో ఒకసారి రాయించి బ్యాట్ ఫైలుగా సేవ్ చేసుకుంటే, ఆ తర్వాత డబుల్ క్లిక్కే. కార్డు పెట్టినప్పుడు డ్రైవ్ అక్షరం మారిందేమో మాత్రం చూసుకోవాలి. ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. కమాండ్లు కొట్టే పాత నల్లతెరలో తెలుగు పేర్లు గళ్లుగా కనబడి చికాకు పెడతాయి.

భయపడాల్సింది ఇంకొకటుంది. కెమెరా అంకెలు 9999 దాకా పోయి మళ్లీ 0001కి వస్తాయి కాబట్టి రెండు కెమెరాల్లో ఒకే పేరుతో వేర్వేరు ఫొటోలు ఉండొచ్చు. రెండింటినీ ఒకే ఫోల్డర్లో వేస్తే, మౌస్‌తో లాగినప్పుడు విండోస్ కనీసం "ఏం చేయమంటావు" అని అడుగుతుంది. రోబోకాపీ అడగదు, మొదటిదాని మీద రెండోది రాసేస్తుంది. అందుకే కెమెరాకో ఫోల్డరు. ఇంకా ప్రమాదం రోబోకాపీకి చేర్చే స్లాష్ మిర్ (/MIR) అనే గుర్తు: అది పెడితే కార్డులో లేనివాటిని కాపీ వెళ్లే ఫోల్డర్లోంచీ తుడిచేస్తుంది. ఖాళీ చేసిన కార్డు పెట్టి ఆ కమాండు నడిపితే పెళ్లి మొత్తం పోయినట్టే, రీసైకిల్ బిన్‌లోనూ దొరకదు. దాని జోలికి వెళ్లొద్దు. ఏ రోబోకాపీ కమాండైనా మొదటిసారి స్లాష్ ఎల్ (/L) చేర్చి నడపండి. ఏదీ కాపీ చేయకుండా, ఏం చేయబోతోందో జాబితా మాత్రం చూపిస్తుంది.

ఇంత జాగ్రత్త అవసరమైతే మౌసే నయం కదా అంటే, డ్రైవ్ అక్షరం చూసుకోవడం తప్ప ఆ జాగ్రత్త కమాండు రాసే రోజు ఒక్కసారి పడితే సరిపోతుంది. మౌస్‌తో అయితే నిద్ర ముంచుకొస్తున్నా ప్రతి రాత్రీ పడాలి. ఇక వాట్సాప్‌లో పంపడానికి ఫొటోల సైజు తగ్గించడమంటారా, ఇర్ఫాన్‌వ్యూలో అన్నీ ఒకేసారి బటన్లతోనే అయిపోతుంది. దానికోసం మీ తమ్ముడు కొత్త కమాండు చూపిస్తే వద్దనండి.