1922: ఒకే ప్రశ్న, నాలుగు జవాబులు



పదో తరగతి సాంఘిక శాస్త్రంలో సహాయ నిరాకరణ ఉద్యమం పాఠం ఉంటుంది. అందులో గూడెం కొండల తిరుగుబాటుకు దక్కేది కొన్ని పేరాలే. చీరాల, పెదనందిపాడు, పల్నాడు పేర్లు పోటీ పరీక్షల ‘జతపరచండి’ ప్రశ్నల్లో కనిపిస్తాయి. పిల్లలు ఒక్కో పేరు పక్కన ఒక్కో నాయకుడిని గుర్తుపెట్టుకుని మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఇవన్నీ ఇంచుమించు ఒకే సమయంలో, మన తెలుగు జిల్లాల్లోనే ఎందుకు జరిగాయని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఈ నెల ఆ ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకుందాం.

అప్పటి ప్రభుత్వం ఎలా ఉండేది?

కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1919 చట్టం ప్రకారం ‘ద్వంద్వ పాలన’ వచ్చింది. ప్రభుత్వ శాఖలను రెండు భాగాలు చేశారు. విద్య, స్థానిక సంస్థల వంటివి ఎన్నికైన మంత్రులకు ఇచ్చారు. భూమి శిస్తు, పోలీసు, అడవి వంటివి గవర్నర్ చేతిలోనే ఉంచారు. 1920లో ఎన్నికలు జరిగాయి కానీ ఆస్తి, పన్ను ఉన్నవారికే ఓటు. సుమారు 4 కోట్ల జనాభాలో ఓటర్లు దాదాపు 12 లక్షల మంది మాత్రమే. కొండ ప్రాంతాలైన ఏజెన్సీలో కలెక్టరే గవర్నర్ ఏజెంటుగా ప్రత్యేక అధికారాలతో పాలించేవాడు.

అంటే పన్ను కట్టేవాడు ఎక్కువ, అడిగే హక్కున్నవాడు తక్కువ. “మమ్మల్ని అడగకుండా మా మీద పన్ను, ఆంక్ష ఎలా వేస్తారు?” అన్నదే నాలుగు చోట్లా వినిపించిన ప్రశ్న. జవాబులే వేరు.

మొదటి జవాబు: ఊరు వదిలేద్దాం

చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరింది. నేతపని, చిన్న వ్యాపారాల మీద బతికే ఊరికి అది మోయలేని భారం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర దాటి రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. మునిసిపాలిటీ హద్దులో మనుషులే లేకపోతే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు అలాగే ఉన్నారు. దుగ్గిరాల జైలుకు వెళ్లారు. చివరికి చేతిలో డబ్బు అయిపోయి ప్రజలు తిరిగి ఇళ్లకు చేరారు.

ఇక్కడ పిల్లలకు చెప్పవలసిన విషయం ఒకటుంది. అప్పటికి మునిసిపాలిటీల శాఖ తెల్లదొరల చేతిలో లేదు. ఆ శాఖ మంత్రి పానగల్ రాజా రామరాయణింగారు తెలుగువారే. శాఖ మన చేతికొచ్చినంత మాత్రాన చీరాల గోడు తీరలేదు.

రెండో జవాబు: శిస్తు కట్టం

గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో 1922 జనవరిలో రైతులు భూమి శిస్తు నిలిపేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి ‘శాంతి సేన’ను ఏర్పాటు చేసి, ఎక్కడా చెయ్యి లేవకుండా కాపలా కాయించారు. శిస్తు వసూలు చేయాల్సిన మునసబులు, కరణాలే రాజీనామాలు ఇవ్వడం ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. కలెక్టర్ రూథర్‌ఫర్డ్ జప్తులతో, పోలీసు బలగంతో దారికి తేవాలని చూశాడు.

మూడో జవాబు: పుల్లరి ఇవ్వం

అదే జిల్లా పల్నాడులో సమస్య అడవిది. పశువులను అడవిలో మేపుకోవాలంటే ‘పుల్లరి’ అనే పన్ను కట్టాలి. వానలు తక్కువైన మెట్ట ప్రాంతంలో పశువే ఆస్తి. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఆధ్వర్యంలో రైతులు పుల్లరి కట్టకుండానే మందలను అడవిలోకి తోలారు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో హనుమంతు ప్రాణాలు కోల్పోయారు.

మలుపు

అదే ఫిబ్రవరి మొదటి వారంలో ఉత్తరప్రదేశ్ ప్రాంతంలోని చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్‌కు నిప్పు పెట్టగా ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు. హింస మొదలైతే ఉద్యమం చేజారుతుందని గాంధీజీ ఆందోళన చెందారు. 12వ తేదీన బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమాన్ని నిలిపేసింది. పెదనందిపాడు రైతులు కూడా విరమించి శిస్తు కట్టారు. మార్చిలో గాంధీజీని అరెస్టు చేసి, ఆరేళ్ల శిక్ష వేశారు.

నాలుగో జవాబు: ఆయుధం పడదాం

మైదానంలో వేడి చల్లారుతున్నా కొండల్లో కారణాలు అలాగే ఉన్నాయి. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. పశువుల మేతకూ కట్టెలకూ కూడా అడవిలోకి పోనివ్వలేదు. చింతపల్లి వైపు రోడ్డు పనిలో తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు మొదట అక్కడ చేసిన పని మద్యం మానమని, తగాదాలు పంచాయితీల్లో తీర్చుకోమని చెప్పడం. ఇది సహాయ నిరాకరణ కార్యక్రమమే. తర్వాత ఆయన దారి మారింది. గాం గంటం దొర, మల్లు దొర వంటివారితో కలిసి ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకువెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు హతమయ్యారు.

పోరాటం దాదాపు రెండేళ్లు సాగింది. మలబార్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించారు. 1924లో మన్యానికి ప్రత్యేక కమిషనర్‌గా వచ్చింది గుంటూరులో పనిచేసిన ఆ రూథర్‌ఫర్డే. మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు.

ఏడాది చివర

1922 డిసెంబరులో గయ కాంగ్రెస్ సభలో పెద్ద చర్చ జరిగింది. శాసనసభల్లోకి వెళ్లి లోపల నుంచి అడుగుదామా, బయటే ఉందామా? వెళ్దామన్నవారి మాట నెగ్గలేదు. వారు 1923 జనవరి 1న స్వరాజ్ పార్టీ పెట్టారు. ఏడాది పొడవునా పొలాల్లో, అడవిలో వినిపించిన ప్రశ్నే ఇప్పుడు సభా ప్రాంగణానికి చేరింది.

ఇంట్లో పిల్లలతో

సినిమాల ప్రభావంతో పిల్లలు వెంటనే “గాంధీ గొప్పా, అల్లూరి గొప్పా?” అంటారు. ఆ పోటీ దగ్గర ఆగిపోతే పాఠం చేజారుతుంది. వాళ్లని ఇలా అడగండి:

1. నాలుగు చోట్లా ప్రజలు కోల్పోయింది ఏమిటి? పోలిక ఎక్కడుంది?
2. రోజుల తరబడి పని మానుకుని నిలబడాలంటే తిండిగింజలు, పొదుపు కావాలి. ఏ ఊరికి ఎంత ఓపిక ఉండగలదు?
3. పన్ను వేసే ముందు మనల్ని ఎవరు, ఎక్కడ అడుగుతున్నారు? మీ ఇంటి ఆస్తి పన్ను రసీదు చేతికిచ్చి వెతకమనండి.

మూడో ప్రశ్నకు జవాబు వెతుకుతూ పిల్లలు వార్డు సభ్యుడి నుంచి శాసనసభ దాకా వెళ్తారు. రామ్‌నగర్ పాకల్లో ఉన్నవారికి ఆ మెట్లు అందలేదు. మన పిల్లలకు 18 ఏళ్లు నిండగానే అందుతాయి. తేదీలతో పాటు ఈ తేడా కూడా గుర్తుంటే, 1922 వాళ్లకు పరీక్ష తర్వాత కూడా పనికొస్తుంది.