గ్రామీణ జనాభా, గృహాల ధోరణులు – సాగుపై వాటి ప్రభావం: స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంత పరిశీలన

జిల్లా జనాభాను వ్యవసాయ పరిశోధనా వ్యాసాలలో నేపథ్య సమాచారంగా మాత్రమే పేర్కొనడం పరిపాటి. వాస్తవానికి ఒక ఊరిలో ఎందరు నివసిస్తున్నారు, ఎన్ని కుటుంబాలుగా విడిపోయి ఉన్నారు, ఎటువంటి ఇళ్ళలో ఉంటున్నారు అనే మూడు అంశాలు ఆ ఊరి సాగు విధానాన్ని నేరుగా ప్రభావితం చేస్తాయి. నాట్లకు, పత్తి ఏరుటకు మనుషుల లభ్యత, పొలానికి చేరే పశువుల ఎరువు, ధాన్యం ఆరబోత, నిల్వ వీటిపైనే ఆధారపడి ఉన్నాయి. ఈ సంబంధాన్ని జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతం ఆధారంగా పరిశీలిద్దాం.

ప్రాంత పరిచయం

కాజీపేట–సికింద్రాబాద్ రైలుమార్గంపై, హైదరాబాద్–వరంగల్ రహదారి వెంట స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది. పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. వర్షాధార పత్తి, చెరువులు, బావుల కింద వరి ఇక్కడి ప్రధాన పంటలు. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి జలాలు చేరిన చోట వరి విస్తరణకు అవకాశం పెరిగింది. అంటే మనుషుల అవసరం ఎక్కువగా ఉండే పంటలే ఇక్కడ ప్రధానమైనవి.

జనాభా లెక్కలలోని ధోరణి

వరంగల్ జిల్లా జనాభా 1991–2001 దశాబ్దంలో సుమారు 15 శాతం పెరగగా, 2001–2011లో 8.21 శాతం మాత్రమే పెరిగి 35,12,576కు చేరింది. తెలంగాణ మొత్తం మీద అదే దశాబ్దంలో పట్టణ జనాభా 38.12 శాతం పెరిగితే, గ్రామీణ జనాభా పెరుగుదల 2.13 శాతానికే పరిమితమైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానం 1.8. ఒక తరం స్థానాన్ని మరొక తరం భర్తీ చేయడానికి అవసరమైన 2.1 కంటే ఇది తక్కువ. కనుక గ్రామాలలో యువజనుల సంఖ్య తగ్గడానికి వలస ఒక్కటే కారణం కాదు.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గ్రామీణ జనాభా తగ్గినట్లు కనిపించిన ప్రతిచోటా జనం ఊరు విడిచారని భావించరాదు. కొన్ని గ్రామాలు పట్టణాలుగా గుర్తింపు పొందడం వలన కూడా లెక్క మారుతుంది. 2025లో స్టేషన్ ఘన్‌పూర్ పురపాలక సంఘమైంది. రాబోయే జనగణనలో ఇక్కడి రైతులు, కూలీలు పట్టణవాసులుగా నమోదవుతారు. వారి పొలాలు మాత్రం పొలాలుగానే ఉంటాయి. గ్రామీణ ప్రాంతాలకే వర్తించే పథకాల లెక్కలను మాత్రమే చూసి ఇక్కడి సాగును అంచనా వేస్తే పొరబడతాము.

జనం పెరగకున్నా ఇళ్ళు పెరగడం

జనాభా నిలకడగా ఉన్న ఊళ్ళలో సైతం కొత్త ఇళ్ళు నిర్మాణమవుతూనే ఉంటాయి. ఉమ్మడి కుటుంబాలు విడిపోవడమే ఇందుకు ముఖ్య కారణం. 2011లో తెలంగాణలో కుటుంబ సగటు పరిమాణం 4.2 మాత్రమే. దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. 2,000 మంది ఉన్న ఊరిలో కుటుంబానికి ఐదుగురు చొప్పున ఉంటే 400 ఇళ్ళు సరిపోతాయి. కుటుంబ పరిమాణం నాలుగుకు తగ్గితే 500 ఇళ్ళు కావాలి. అదనపు 100 ఇళ్ళకు 200 గజాల చొప్పున స్థలం కేటాయిస్తే 20,000 గజాలు, అనగా 4 ఎకరాలకు పైగా భూమి అవసరమవుతుంది. దారులు, మురుగు కాలువలు దీనికి అదనం. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్రంలో సగటు కమతం ఒక హెక్టారు. కనుక ఒక్క మనిషి కూడా పెరగని ఊరిలో ఒకటిన్నర కమతాలకు పైగా విస్తీర్ణం ఇళ్ళ కిందకు మారుతుంది. అది తరచుగా రోడ్డు పక్కన, రాకపోకలకు అనువుగా ఉన్న భూమి అవుతుంది.

మరొక వైపు పాత ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. 2011 జనగణనలో దేశవ్యాప్తంగా సుమారు 2.47 కోట్ల ఇళ్ళు ఖాళీగా నమోదయ్యాయి. జపాన్‌లో 2023 గృహ సర్వే నాటికి ఖాళీ ఇళ్ళు 13.8 శాతానికి చేరాయి. మన గ్రామాల పరిస్థితి ఆ స్థాయికి చేరలేదు. అయినా వృద్ధులు మాత్రమే మిగిలిన ఇంటి భూమిని రేపు ఎవరు సాగు చేస్తారన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఇంటికి, పొలానికి మధ్య తెగిన లంకె

ఈ ప్రాంతపు పాత పెంకుటింటిలో మనుషుల నివాసంతో పాటు పశువుల కొట్టం, గడ్డివాము, పెంటకుప్ప, ధాన్యం నిల్వ చేసే గుమ్ములు, విత్తనం ఆరబెట్టే వాకిలి ఉండేవి. నేటి రెండు గదుల పక్కా ఇల్లు వానకు కురవదు, ఆరోగ్యానికి మేలు. ఇది నిస్సందేహంగా ప్రగతియే. కానీ అందులో పశువుకు, ధాన్యానికి చోటు లేదు. యంత్రాల రాకతో ఎడ్లు తగ్గాయి. కొట్టానికి స్థలం లేక పాడి పశువులూ తగ్గితే ఎకరాకు సిఫారసు చేసే 4 టన్నుల పశువుల ఎరువు లభించడం దుర్లభం. వాకిలి లేని రైతు వడ్లను రహదారిపై ఆరబోస్తాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించరాదు. అకాల వర్షం వస్తే నష్టపోయేది అతడే.

సూచనలు

1. దేశంలో ఇళ్ళ నమోదును 2026లో, జనాభా గణనను 2027 ఫిబ్రవరిలో నిర్వహించాలని నిర్ణయించారు. గ్రామాలవారీ ఫలితాలు వెలువడిన వెంటనే కుటుంబ పరిమాణం, ఖాళీ ఇళ్ళు, వయోవర్గాల వివరాలను పంటల నమోదుతో జోడించి చూడాలి.

2. పనిచేసే వయసువారు తగ్గిన గ్రామాలలో డ్రమ్ సీడరుతో వరి విత్తడం, నాటు యంత్రాలు, పత్తిలో ఒకేసారి కాపుకు వచ్చే రకాల అధిక సాంద్రత సాగు వంటి పద్ధతులకు ప్రాధాన్యం ఇవ్వాలి.

3. కొత్త గృహ సముదాయాల ప్రణాళికలో ఉమ్మడి కల్లం, పశువుల పాకలు, ఎరువు గుంతలకు స్థలం కేటాయించాలి. నివాస స్థలాలకు సాగునీటి వసతి గల భూమిని వీలైనంత వరకు మినహాయించాలి.

4. పశువులు లేని కుటుంబాలకు జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్ల విత్తనాన్ని తొలకరికి ముందే అందజేయాలి.

గృహ నిర్మాణం, వ్యవసాయం వేర్వేరు శాఖల పరిధిలోనివి. కానీ రైతు కుటుంబం ఆ రెండింటినీ ఒకే ఆదాయంతో, ఒకే స్థలంలో నెట్టుకురావాలి. కాబట్టి ఇంటి స్థలం కొలిచేటప్పుడే ఆ కుటుంబపు వడ్లు ఎక్కడ ఆరాలి, పశువు ఎక్కడ ఉండాలి అనే విషయాలను కూడా నిర్ణయించడం అవసరం.