పిల్లి తిన్నది తిన్నట్టే కక్కుతోందా? ముందు పళ్లెం మార్చండి

మన సుల్తానాబాద్ చుట్టూ ఎటు చూసినా రైసుమిల్లులే. వడ్లున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లులు. అట్లా ఎలుకల కోసం చేరదీసిన పిల్లే ఇప్పుడు మంచమెక్కి పడుకుంటోంది, పెట్టింది తిని పది నిమిషాల్లో చాప మీద కక్కుతోంది. గాబరాపడి ఖరీదైన ఫుడ్డు ప్యాకెట్లు కొనకండి. చాలాసార్లు తిండి మంచిదే, తినే తీరే బాగుండదు. అది మనం ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

1. తుడిచే ముందు ఒకసారి చూడండి. తిన్న కాసేపటికే, అరగకుండా, మెతుకు మెతుకుగా బయటికొస్తే ఆబగా మింగిందని అనుకోవచ్చు. పొట్ట ఎగరేసి, చొంగ కార్చి, సగం అరిగింది కక్కితే అది అసలు వాంతి.

2. లోతు గిన్నె తీసేసి వెడల్పాటి స్టీలు తాంబాళంలో తిండిని పలచగా పరిచి పెట్టండి. ఒక్కో పలుకు ఏరుకుని తినాల్సి వస్తుంది కాబట్టి ఆబ దానంతటదే తగ్గుతుంది.

3. అయినా మింగేస్తుంటే తాంబాళం నడుమ కడిగిన గుండ్రాయి ఒకటి పెట్టండి, దాని నోట్లో పట్టనంత పెద్దది. రాయి చుట్టూ తిరిగి తినేసరికి టైం పడుతుంది, బజార్లో అమ్మే మెల్లగా తినిపించే గిన్నెల ఖర్చు మిగులుతుంది.

4. రోజుకు పెట్టేదే నాలుగు భాగాలు చేసి నాలుగుసార్లు పెట్టండి. తిండి పెంచే పనిలేదు, కడుపు మీద బరువు మాత్రం తగ్గుతుంది.

5. రెండు పిల్లులుంటే ఒకటి వంటింట్లో, ఒకటి వరండాలో తినాలి. పక్కది లాక్కుంటుందన్న భయంతోనే సగం ఆబ.

6. తెల్లారుజామున పసుపు నురగ కక్కుతుంటే ఖాళీ కడుపు వల్ల కావచ్చు. రాత్రి మీరు పడుకునే ముందు రెండు చెంచాల తిండి పెట్టి చూడండి.

7. పాలు మానేయండి. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, వాంతో విరేచనమో తప్పదు. ఆ ప్యాకెట్ మీ చాయ్‌కే ఉంచుకుని దానికి మంచినీళ్లు పెట్టండి.

8. మనం తినే కూర కలిపి పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ పచ్చివైనా ఉడికినవైనా పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఆదివారం చికెన్ కడిగినప్పుడే, ఉప్పూకారం పట్టించక ముందు, నాలుగు మెత్తటి ముక్కలు పక్కన తీసి ఉత్త నీళ్లలో ఉడకబెడితే దాని వంటా అయిపోతుంది.

9. ఉడికిన బొక్కలు వేయకండి. పెళుసుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

10. అన్నం తక్కువ, మాంసమో చేపో ఎక్కువ ఉండాలి. పిల్లి గుండెకూ కళ్లకూ టారిన్ అనే పోషకం కావాలి, అది పప్పన్నంలో దొరకదు. మీ ఇంట్లో నీచు వండకపోతే పిల్లుల కోసం చేసిన ఫుడ్డే పెట్టడం మేలు.

11. ఒక కంపెనీ ఫుడ్డు మానిపించి ఇంకోటి పెట్టాలంటే వారం పదిరోజులు తీసుకోండి. ముందు పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు, తర్వాత సగం సగం. ఒక్కరోజులో మారిస్తే కొత్త ప్యాకెట్టూ వాంతులకే పోతుంది.

12. మన దగ్గర మే నెల ఎండకు తడి తిండి ఎంతోసేపు నిలవదు. అరగంటలో తినకపోతే తీసేయండి. ఫ్రిజ్‌లోదైతే ఒక చెంచా వేడినీళ్లు కలిపి చల్లదనం పోయాక పెట్టండి.

13. చవకని పెద్ద బస్తా కొంటే, మూతి విప్పాక ఫుడ్డులోని కొవ్వు ముక్కవాసన పడుతుంది. నెలకు సరిపడా కొని గట్టి మూత డబ్బాలో పోసుకోండి, చీమల బాధా ఉండదు.

14. నాకి నాకి మింగిన వెంట్రుకలు కడుపులో ఉండకట్టి వాంతిలో వస్తాయి. రోజు విడిచి రోజు దువ్వండి. దువ్వెన పడనీయకపోతే తడిపిన రబ్బరు గ్లౌజుతో నిమిరితే చాలు, ఊడే బొచ్చు చేతికే అంటుకుంటుంది, సోఫా దులిపే పనీ తప్పుతుంది.

15. పిల్లి గరిక నమిలి కక్కితే కంగారొద్దు, వాటి అలవాటే అది. మందు కొట్టిన పొలం గట్ల మీది గడ్డి తినకుండా ఇంట్లోనే పాత డబ్బాలో గరిక పెంచండి.

16. కుట్టు మిషను దారం, పూలదండ దారం, సంక్రాంతికి పతంగుల మాంజా ఎక్కడపడితే అక్కడ వదలొద్దు. దారం మింగితే పేగు ముడతలు పడి కోసుకుపోతుంది. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనబడితే మాత్రం లాగకండి, కత్తిరించకండి, నేరుగా డాక్టరు దగ్గరికి పోండి.

17. ఎలుకల మందు విషయంలో మనూళ్లో చాలా పైలంగా ఉండాలి. పిల్లి ఉన్న ఇంట్లో మందు పెట్టకండి, బోను పెట్టండి. మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి ముప్పే కాబట్టి పక్కింటివాళ్లకూ, దగ్గర్లోని మిల్లువాళ్లకూ ఒక మాట చెప్పి ఉంచండి. కేకులాంటి మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, లక్షణాలు రెండు మూడు రోజులకు గానీ బయటపడవు. నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్, తింటే కడుపులో విషవాయువు పుడుతుంది, అది కక్కినప్పుడు మీరూ వాసన పీల్చకుండా కిటికీలు తెరవండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోకుండా మందు ప్యాకెట్టు పట్టుకుని దవాఖానకు పరుగెత్తండి.

18. బల్లుల్ని పట్టి తినే పిల్లికి ఒక రకం పురుగు కాలేయంలోకి చేరొచ్చు. వాంతులతోపాటు కళ్లు, చిగుళ్లు పచ్చబడితే ఆగొద్దు.

19. వాంతిలో సేమ్యాలాంటి తెల్లటి పురుగులు కనబడితే నట్టల మందు వేయించాలి. పెద్ద పిల్లికి మూడు నెలలకోసారి, కూనలకు ఇంకా తరచుగా, డాక్టరు చెప్పిన లెక్కన. మోతాదుకు బరువు కావాలి కదా, పిల్లినెత్తుకుని కాటా ఎక్కండి, ఆ అంకెలోంచి మీ బరువు తీసేయండి.

20. డోలో, క్రోసిన్ లాంటి పారాసెటమాల్ గోళీ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. పిల్లల కోసం తెచ్చిన వాంతి సిరప్ కూడా సొంతంగా పోయకండి.

21. వాంతిని అట్టముక్కతో ఎత్తి, చల్లనీళ్లతో తుడిచి, వంటసోడా చల్లి ఆరాక ఊడ్చేయండి. వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఫినాయిల్ అసలు వద్దు, ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే పిల్లికి విషం.

22. ఒక్కసారి కక్కి మళ్లీ ఆడుకుంటుంటే రెండు మూడు గంటలు కడుపుకు విశ్రాంతినిచ్చి, కొంచెం కొంచెం నీళ్లు, ఆ తర్వాత ఒక చెంచా ఉడికిన చికెన్ పెట్టండి. రోజంతా పస్తు మాత్రం ఉంచకండి, తిండి లేకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పడుతుంది, బొద్దు పిల్లికి మరీను. కూనలకైతే పస్తు మాటే వద్దు.

23. కక్కిన రోజు గోడ క్యాలెండర్ మీద గీత పెట్టండి, ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది, అక్కర్లేని పరీక్షల డబ్బు మిగలొచ్చు.

24. రోజులో మూడుసార్లకు మించి కక్కినా, రక్తం పడినా, నీళ్లు కూడా నిలవకపోయినా చిట్కాలు పక్కన పెట్టండి. మగపిల్లి ఉచ్చకు కూర్చుని కూర్చుని చుక్క రాక లేస్తూ కక్కుతుంటే దారి మూసుకుపోయిందేమో, అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. బాగా తింటూనే చిక్కిపోయే ముసలి పిల్లికి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించాలి.

25. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు మిగతావి వేయించండి. వాంతులు, విరేచనాలతో కూనల్ని తీసుకుపోయే పాన్‌ల్యూకోపీనియా టీకాతో ఆగుతుంది, ఆ జబ్బు వచ్చాక పెట్టే ఖర్చు ముందు టీకా ధర ఎంత?

26. తీసుకెళ్లడానికి కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదానిమీద ఒకటి బోర్లించి తాడు కట్టండి, లోపల పాత చీరముక్క వేయండి. మన పశువుల దవాఖానలో ఎక్కువగా చూసేది గొడ్లను, మేకల్ని కాబట్టి పిల్లిని చూసే డాక్టరు పెద్దపల్లిలోనో కరీంనగర్‌లోనో ఎవరున్నారో ఇవాళే కనుక్కోండి. కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఆ నంబర్లన్నీ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించి పెట్టుకోండి.