ఏ సంస్కరణ ముందు?

సంస్కరణ అనగానే మనలో చాలామందికి 1991 గుర్తుకొస్తుంది. పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్, సరళీకరణ అంటూ గ్రూప్స్ పరీక్షలకు బట్టీ పట్టే పాఠం అది. కానీ ఊరి కరణం పదవి రద్దు కావడమూ సంస్కరణే, బడిలో పిల్లవాడి కంచంలోకి వేడి అన్నం రావడమూ సంస్కరణే. చేయవలసిన పనులు వంద ఉంటాయి, ఖజానా మాత్రం ఒక్కటే. కాబట్టి ఏది ముందు చేయాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి రాజ్యాంగం నేరుగా జవాబు చెప్పదు. 47వ అధికరణమే చూడండి. ప్రజల పోషకాహార స్థాయిని పెంచాలన్న మాట, మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయాలన్న మాట రెండూ అందులోనే ఉన్నాయి. ఏది ముందో లేదు. ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించుకోలేమని 37వ అధికరణం చెబుతుంది. అంటే వరుస నిర్ణయించే బాధ్యత ప్రభుత్వాలదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ రెండూ చేసి చూసింది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1996లో బియ్యం ధర రెండు రూపాయల నుండి మూడున్నరకు పెరిగింది. 1997లో మద్యనిషేధం ఎత్తివేశారు.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం అర్థమవుతుంది. సారా నిషేధానికి ఊరూరా ఆడవాళ్లే కాపలా. సంపూర్ణ నిషేధానికి వచ్చేసరికి పోయే ఆబ్కారీ ఆదాయం స్థానంలో మరొకటి చూపించలేదు. ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు ఆ బరువులో కొంత పేదవాడి బియ్యం సంచి మీదే పడిందని నా అభిప్రాయం. నిషేధం తప్పని నేను అనను. ఆదాయం పోగొట్టే సంస్కరణకు ముందే ఆ లోటు ఎవరు భరిస్తారో తేల్చాలి. తేల్చకపోతే గట్టిగా అడగలేనివాళ్లే భరిస్తారు.

విద్యుత్ సంస్కరణలలో మరో రకం పొరపాటు జరిగింది. 1998 చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు చౌర్యాన్ని అరికట్టడం వంటి మంచి పనులూ ఆ సంస్కరణలలో ఉన్నాయి. కానీ ప్రజల ఇంటికి ముందు వచ్చింది బిల్లు. నాణ్యమైన కరెంటు తర్వాత వస్తుందన్నారు. తర్వాత అన్న మాటను మన జనం చాలాసార్లు విన్నారు గదా!

తక్కువ ఖర్చుతో మిగతా వాటికి దారి తెరిచే సంస్కరణలు కొన్ని ఉంటాయి. 1984లో వంశపారంపర్య కరణం, మునసబు పదవుల రద్దు అటువంటిది. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అదే ఏడు మండలాలు వచ్చాయి. తాలూకా కేంద్రానికి పోయి పడిగాపులు పడిన మన పెద్దలకు ఆఫీసు దగ్గరయింది. తొందరలో చేయడం వల్ల చాలా ఊళ్లలో పాత రికార్డులు చేతికి రాలేదు, అది లోపమే.

అన్నిటికంటే నాకు నచ్చిన ఉదాహరణ మధ్యాహ్న భోజనం. 1995లో కేంద్ర పథకం కింద హాజరును బట్టి పిల్లవాడికి నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. అది ఇంటికి వెళ్లి అందరి కుండలో కలిసేది. 2001 నవంబరులో వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. తమిళనాడు 1982లోనే దీనిని పెద్ద ఎత్తున చేపట్టింది. ఈ పథకంలో గొప్ప ఏమిటంటే, అమలు జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఏ కమిటీ అక్కర్లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఊరందరికీ తెలుస్తుంది.

ఇక మన మెస్ చార్జీల సంగతి. తెలంగాణలో 2024లో 40 శాతం పెంచారు. 8 నుండి 10వ తరగతి వారికి నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. సంతోషమే. కానీ మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా అంతే. కందిపప్పు ధర ఉత్తర్వుల కోసం ఆగదు. ధర పెరిగిన కొద్దీ వార్డెను పప్పులో నీళ్లు పెంచాల్సిందే. ఉద్యోగుల కరువు భత్యాన్ని ధరల సూచీని బట్టి లెక్కగడతారు (వాయిదాలు ఆలస్యమవుతాయి, అది వేరే విషయం). అదే లెక్కను హాస్టల్ భోజనానికీ వర్తింపజేస్తే చాలు. దీనికి కొత్త శాఖ వద్దు, కొత్త భవనం వద్దు, ఎవరి పదవీ పోదు. ఏటా జూన్‌లో హాస్టళ్లు తెరిచేనాటికి కొత్త రేటు ప్రకటిస్తే, అమలైందో లేదో అదే రోజు కంచంలో కనబడుతుంది. పూర్వ విద్యార్థుల సంఘం ఈ వార్షికోత్సవంలో ప్రభుత్వానికి పంపే తీర్మానంలో దీనిని మొదటి అంశంగా చేర్చాలని నా ప్రతిపాదన. ప్రహరీ గోడ, టీవీ రెండో పేజీలో ఉండవచ్చు.