తీగలేని కెమెరా: బ్యాటరీ అంకెను చదువు విధము

పంచాయతీ కార్యాలయము, మంచినీటి ట్యాంకు, మోటారు షెడ్డు మొదలగు ఉమ్మడి ఆస్తుల కాపలాకై నేడు గ్రామములలో కెమెరాలు అమర్చుచున్నారు. కరెంటు తీగ లాగుటకు వీలులేని తావులందు బ్యాటరీతో పనిచేయు తీగలేని కెమెరాలు ఉపయోగపడుచున్నవి. వీనిని బిగించుట సులభమే గాని, వీని ప్రాణమంతయు బ్యాటరీయందే కలదు. బ్యాటరీ అయిపోయిన రాత్రి మోటారు దొంగలపాలైనచో, గోడమీద కెమెరా ఉన్నను సాక్ష్యము దొరకదు. కావున సెల్‌ఫోనులో కనబడు బ్యాటరీ శాతము ఎట్లు వచ్చుచున్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

అంకె అంచనా మాత్రమే

ఈ కెమెరాలలో సాధారణముగా లిథియం అయాన్ బ్యాటరీ ఉండును. ఈ రకపు బ్యాటరీ 1991లో జపాను దేశమున మొదటిసారి అమ్మకమునకు వచ్చినది. దీని రూపకల్పనకు మూలమైన కృషి చేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రమునందు నోబెల్ బహుమానము లభించినది.

సామాన్యముగా ఒక్కొక్క సెల్లు నిండియున్నప్పుడు సుమారు 4.2 వోల్టులు, ఖాళీ అగునప్పటికి సుమారు 3 వోల్టులు చూపును. మిగిలిన విద్యుత్తును తిన్నగా తూచి చెప్పు త్రాసు లోపల లేదు. పెక్కు పరికరములు వోల్టేజిని చూచి మిగిలినది ఇంత యని అంచనా కట్టును. కొన్ని వచ్చిపోవు విద్యుత్తును లెక్క పెట్టుకొనును గాని, ఆ లెక్కలోను కాలక్రమమున తేడా పేరుకొనును.

నీళ్ల బిందెను తలచుకొన్నచో ఈ చిక్కు బోధపడును. మెడ సన్నము, కడుపు వెడల్పు, అడుగు మరల సన్నము. చెంబుతో నీరు తీయుచుండగా మెడవద్ద నీటిమట్టము త్వరగా దిగును. కడుపువద్ద ఎన్ని చెంబులు తీసినను మట్టము అంతగా దిగదు. అడుగువద్ద మరల తటాలున దిగిపోవును. బ్యాటరీలో వోల్టేజి ఈ నీటిమట్టము వంటిది. మధ్యభాగమున వోల్టేజిలో కొద్ది తేడా వచ్చినను, మిగిలిన విద్యుత్తులో పెద్ద తేడా ఉండవచ్చును. కనుకనే 40 శాతము చూపుచున్న కెమెరా అనుకొన్నన్ని నాళ్లు నిలువక ఆగిపోవుట కలదు. మొదటి 20 శాతము పది దినములు వచ్చినంత మాత్రమున చివరి 20 శాతము కూడ పది దినములు వచ్చునని నమ్మరాదు.

రాత్రివేళ కెమెరా తన పరారుణ దీపములను వెలిగించుకొని పనిచేయునప్పుడు వోల్టేజి తాత్కాలికముగా తగ్గును. పని ఆగిన తరువాత కొంత కోలుకొనును. చలికిని ఇట్లే తగ్గును. లంబసింగి వంటి చలి ప్రదేశములందు తెల్లవారుజామున తక్కువగా కనబడిన అంకె, ఎండ వచ్చిన పిదప పెరిగినచో ఆశ్చర్యపడనక్కరలేదు. బ్యాటరీ తనంతట తాను నిండినదని దాని అర్థము కాదు.

ఎన్ని దినములు వచ్చును?

బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్లది అనుకొందము. కెమెరా దినమునకు 50 వాడినచో 100 దినములు, 200 వాడినచో 25 దినములు మాత్రమే వచ్చును. పెట్టెమీద వ్రాసిన నెలల లెక్క దినమునకు కొద్దిసార్లు మాత్రమే కెమెరా మేల్కొనునని తలచి వేసినది. రహదారి వైపు, పశువులు తిరుగు తావు వైపు త్రిప్పినచో అది మాటిమాటికి మేల్కొనును. వైఫై సంకేతము బలహీనమైనను, పలువురు తమ ఫోనులలో ప్రత్యక్ష దృశ్యము చూచుచున్నను ఖర్చు పెరుగును. కాపాడవలసిన తలుపు వైపునకే కెమెరాను త్రిప్పి, కదలికను గుర్తించు మేరను తగ్గించుట మేలు.

వేడిమియు బ్యాటరీ ఆయువును హరించును. వేసవి ఎండ తిన్నగా తగులకుండ చూరు క్రింద బిగింపవలెను. సామాన్యముగా 45 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిలో ఛార్జి చేయరాదు. కొన్ని వందలసార్లు పూర్తిగా ఛార్జి అయిన పిమ్మట బ్యాటరీ పట్టు విద్యుత్తు తగ్గిపోవును. అప్పటికిని ఫోను 100 శాతమనియే చూపవచ్చును. బిందె చిన్నదైనది గనుక అంచువరకు నిండినను నీరు తక్కువే.

పంచాయతీ చేయదగిన పనులు

1. ప్రతి కెమెరాకు ఒక పుట కేటాయించి రిజిష్టరు నడుపవలెను. వారమున కొకసారి, ఒకే వేళకు, తేదీయు శాతమును వ్రాయవలెను. రెండు మూడు ఛార్జీలు గడచునప్పటికి మీ ఊరి కెమెరా వాస్తవముగా ఎన్ని దినములు నడచునో తెలియును.

2. 30 శాతమునకు దిగగానే ఛార్జి చేయవలెను. బ్యాటరీ ఊడదీయుటకు వీలున్న రకమైనచో ఛార్జి చేసిన మరియొకటి సిద్ధముగా ఉంచవలెను.

3. అంకెతోపాటు అది ఎప్పటిదో చూడవలెను. కెమెరా ఆగిపోయిన తరువాతను కొన్ని ఫోనులలో పాత అంకెయే నిలిచియుండును. కావున దాని యెదుట ఒకరు నడచి, దృశ్యము నమోదైనదో లేదో పరీక్షింపవలెను.

4. సౌర ఫలకమున్నచో దుమ్ము తుడువవలెను. ముసురు పట్టిన దినములలో దానినే నమ్ముకొనరాదు.

5. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడుక మాని, ఛార్జి చేయక వేరుగా ఉంచవలెను. పాత బ్యాటరీలను చెత్తలో గాని మంటలో గాని వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులపై కలదు.

కెమెరా కొనుటకు వెచ్చించినది ప్రజల సొమ్ము. దానిని కనిపెట్టియుండు పని అందరిదని వదలినచో ఎవరిదియు కాకపోవును. కనుక రాబోవు సమావేశమున ఈ రిజిష్టరు నిర్వహణను, ఛార్జి చేయు బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగించుచు తీర్మానము చేయుట యుక్తము.