ఎడిటరు మారినను చెడని పనిముట్లు

ప్రశ్న: మా భాషా సాధనమునకు ఒక్కొక్క ఎడిటరుకొక ప్లగిన్ వ్రాయవలసి వచ్చుచున్నది. అన్నింటను పనిచేయునట్లు నిర్మింపవచ్చునా?

జవాబు: నిర్మింపవచ్చును. 1980ల దశకమున ఐరోపాదేశములు ఎస్ప్రిట్ కార్యక్రమము క్రింద ఈ చిక్కునే విడదీయబూని, సాధనములన్నియు ఉమ్మడి భాండాగారము నాశ్రయించునట్లు పీసీటీఈ అను ఇంటర్‌ఫేసును రూపొందింపగా, అది 1990లో ఈసీఎంఏ-149 ప్రమాణమై వెలసెను. కాని ప్రతి పనిముట్టును ఒకే భాండాగారమునకు లోబడవలెననుట మోయరాని బరువని నా దృఢాభిప్రాయము.

2016లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ నిల్వను విడిచి, సంభాషణను మాత్రమే ప్రమాణీకరించినది. ఎడిటర్లు 5, భాషలు 10 అయినచో, 50 అనుసంధానములకు మారుగా 15 చాలును. వాడుకరి ఒక ఫంక్షను నిర్వచనము నడిగినంతనే, ఎడిటరు ఫైలు చిరునామాను, పంక్తిని, అందలి స్థానమును జేసన్ రూపమున పంపును. సర్వరు అట్లే బదులిచ్చును. కావున మీ విశ్లేషణ నంతయు సర్వరులోనికి మార్చి, ప్లగిన్లను పలుచని పొరలుగా మిగుల్చుడు.

ఒక్క విషయమున మాత్రము మిక్కిలి జాగరూకత వహింపవలెను. ఆ స్థానము అక్షరములతో గాక, యూటీఎఫ్-16 ఖండములతో లెక్కింపబడును. మన కంటికి ఒక్కటిగా తోచు ‘క్షా’ అచ్చట 4 ఖండములు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. కోడులోని స్ట్రింగులందు తెలుగున్నప్పుడు, బైట్లను లెక్కించు సర్వరు ఆ పంక్తిలో తరువాతి పేర్లనెల్ల తప్పుచోట చూపును. ప్రోటోకాల్ 3.17వ కూర్పు నుండి ఎన్‌కోడింగును ఉభయులును ఆరంభముననే నిర్ణయించుకొన వీలున్నను, యూటీఎఫ్-16ను విడువరాదు.