రెండోవాళ్ళెప్పుడని అడిగే పెద్దలకు, ఆలోచించే పిల్లలకు

బ్యాంకులో రిటైరయ్యాక కూకట్‌పల్లిలో అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. మా అపార్ట్‌మెంటులో ఉద్యోగస్థుల పిల్లల్ని సాకుతున్న అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామందే ఉన్నాం. చూసినవీ, విన్నవీ కలిపి చెబుతున్నాను.

1. ఇప్పటివాళ్ళకు పిల్లలంటే ఇష్టం లేదన్న మాట నేను నమ్మను. ఇష్టం ఉంది, చూసుకునే మనిషే లేరు. ఆ రోజుల్లో నేను వేళకు బ్యాంకుకు వెళ్ళానంటే ఇంట్లో మా అత్తగారు ఉండబట్టి. ఆవిడ చాకిరీకి జీతమూ లేదు, పేరూ లేదు. ఇప్పుడా పని నాకొచ్చింది. నా మోకాళ్ళు ఒక మనవడికి సరిపోయాయి.

2. రెండో బిడ్డ సంగతి మొదటి బిడ్డ పుట్టిన ఏడాదిలోనే తేలిపోతుంది. రాత్రి ఎవరు లేచారు, జ్వరమొస్తే సెలవు ఎవరు పెట్టారు అన్నది ఆడపిల్ల పైకి అనదు గానీ మర్చిపోదు. మొగుడు అమెరికా కాల్స్ అంటూ అర్ధరాత్రి దాకా హెడ్‌ఫోన్లు తీయకపోతే ఆ ఇంట్లో రెండో ఉయ్యాల కట్టరు. తప్పంతా అతనిదే అనలేం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటులో ఎన్ని రోజులన్నది కంపెనీ దయ. పైగా తల్లి సెలవు జీతం యజమాని నెత్తినే పెట్టారు. ఇంటర్వ్యూలో పెళ్ళి సంగతి ఎందుకు కూపీ లాగుతారో అమ్మాయిలకు వేరే చెప్పాలా?

3. 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ఆఫీసులో క్రెష్ ఉండాలన్నదీ ఆ సవరణే. చేరేముందు వెళ్ళి చూడండి. తలుపుకు తాళం ఉందేమో కూడా చూడండి.

4. ఇద్దరిని మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వమని 1994లో చట్టం చేశారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఆయన కంగారు నాకర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి సగటున ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలే తేలారు. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. అయితే 2025 జూన్‌లో ఆయన మంత్రివర్గమే రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. జూలైలో తెలంగాణ కూడా, వారానికి 48 దాటకూడదంటూ, వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటలు అనుమతించింది. కనమనేదీ వాళ్ళే, ఇంటికి ఆలస్యంగా పంపేదీ వాళ్ళే! గంటే కదా అంటారు. ఆఫీసులు వదిలే వేళ మాదాపూర్ నుంచి కూకట్‌పల్లికి వచ్చేవాణ్ణి అడగండి. అతను తలుపు తీసేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటాడు.

5. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు. పసివాడికి నీళ్ళు పోయడం ఏ గంటల్లోకి వస్తుందో మరి.

6. అసలు వద్దనుకున్న జంటలూ ఉన్నారు. పెళ్ళిళ్ళలో పట్టుకుని "ఏమైనా విశేషమా?" అనడం మానండి.

7. కనాలనుకునేవాళ్ళు డబ్బు లెక్కకంటే ముందు గంటల లెక్క రాసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లో ఎవరుంటారు? మా అమ్మాయీ అల్లుడూ గడులు గీసి మరీ రాశారు. నిండని గడుల్లో నా పేరు వేశారు, నన్నో మాట అడక్కుండానే.